పంటకు కావలి యున్నది, గుండెకు కావలి యేది?



శ్రీరామనవమికి, శివరాత్రికి రామతీర్థము చేరిన జనము స్వామి దర్శనము చేసికొని బోధికొండ మెట్లు ఎక్కుచుండుట మీరు చూచియే యుందురు. ఆ మెట్ల దగ్గర కొంతసేపు కూర్చుండి గమనింపుడు. పిల్లలు పరుగెత్తుచు పోవుదురు. అరువది యేండ్లు దాటిన ముసలివారు కొందరు కఱ్ఱ పట్టుకొని నెమ్మదిగా ఎక్కుదురు. ఒక్కొక్కప్పుడు నలుబది, ఏబది యేండ్ల వయసు గల దిట్టమైన మనిషి నడిమి మెట్టు మీద కూర్చుండిపోయి ఛాతీ మీద చేయి వేసికొనును. ఏమైనదని అడిగినచో "ఏమీ లేదు, గ్యాసు" అనును. కొంచెముసేపటికి ఆ బరువు తగ్గును. లేచి మరల ఎక్కును. ఇల్లు చేరిన తరువాత ఆ సంగతి భార్యకైనను చెప్పడు.

ఆ సంగతి దాచదగినది కాదు. నడచునప్పుడు, మెట్లెక్కునప్పుడు, బస్తా మోయునప్పుడు ఛాతీలో బరువు వచ్చి, ఆగినంతనే తగ్గిపోయినచో అది గుండె పంపిన నోటీసు కావచ్చును. శిస్తు నోటీసు వచ్చినప్పుడు చదువక చూరులో దోపినంత మాత్రమున బాకీ తీరదు గదా! ఇదియు అట్టిదే. ఆ వారములోనే వైద్యునికి చూపుకొనవలెను.

గుండె పని ఎట్టిది?

గుండె పిడికిలి ప్రమాణము గల కండరము. బావి మీది మోటారు పొలమునకు నీరు తోడునట్లు ఇది శరీరమంతటికి రక్తమును తోడును. నిమిషమునకు 70 సార్లకు పైగా, అనగా రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకొనును. నిమిషమునకు సుమారు 5 లీటర్లు, రోజుకు 7 వేల లీటర్ల రక్తమును నడిపించును. మోటారును రాత్రి ఆపవచ్చును. దీనిని ఆపుటకు వీలులేదు.

ఈ కండరమునకు కూడ తిండి కావలెను. ఆ తిండి సన్నని రక్తనాళముల ద్వారా అందును. పొగాకు వలన, కొవ్వు వలన, చక్కెర జబ్బు వలన, రక్తపు పోటు వలన ఆ నాళముల లోపలి గోడ చెడి, కాలువలో పూడిక పేరుకొన్నట్లు పేరుకొనును. సగము పూడినను పని జరుగుచునే యుండును. పూడిక మీద రక్తము గడ్డకట్టి నాళము ఒక్కసారి మూసుకొనిపోయిన నాడు గుండెపోటు వచ్చును. మెదడుకు పోవు నాళము మూసుకొన్నను, చిట్లినను పక్షవాతము వచ్చును.

ఇది పట్టణవాసుల జబ్బు కాదు

"ఎండలో చెమటోడ్చు మాకు గుండెజబ్బేమిటి? అది కుర్చీలో కూర్చుండు దొరలకు వచ్చునది" అను మాట పల్లెలలో నేటికిని వినబడుచున్నది. ఈ మాట తప్పని మన తెలుగు పల్లెలే చూపినవి. 2003-04 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, ఏడాది కాలములో జరిగిన ప్రతి మరణమునకు కారణమేమని ఇంటింటికి పోయి విచారించిరి. ఆ యేడాది మరణములు 1,354. వానిలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బుల వలన కలిగినవి. అంటుజబ్బుల వలన కలిగినవి నూటికి 12 మాత్రమే. ఆ గ్రామములు వరి పండించు గ్రామములే. ఆ మృతులలో అనేకులు మనవంటి కష్టజీవులే.

మన జిల్లాలలోను బ్రదుకుతీరు మారినది. నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినది. పొలమునకు నడచిపోవు మనిషి మోటారు సైకిలు మీద పోవుచున్నాడు. చోడి అంబలి త్రాగిన ఇంట మూడు పూటలు తెల్లని బియ్యపు అన్నమే ఉడుకుచున్నది. కష్టము తగ్గి, తిండి తీరు మారి, పొగాకు మాత్రము నిలిచిపోయినది.

చప్పుడు చేయని పురుగు

వరికి కాండము తొలుచు పురుగు పట్టినప్పుడు మొదట పైరు పచ్చగానే కనిపించును. తెల్లకంకి బయటపడునప్పటికి నష్టము జరిగిపోవును. రక్తపు పోటు, అనగా బీపీ, అట్టి జబ్బే. తలనొప్పి యుండనక్కరలేదు, కళ్లు తిరుగనక్కరలేదు. మనిషి హాయిగా తిరుగుచుండగనే లోపల గుండెను, మెదడును, మూత్రపిండములను తినివేయుచుండును. కొలిచి చూచినగాని తెలియదు. మన రాష్ట్రములో వయసు వచ్చినవారిలో సుమారు నలుగురికి ఒకరికి ఈ పోటు కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వలన తెలియుచున్నది.

పెద్దవారికి 120/80 మంచి లెక్క. వేరువేరు దినములలో కొలిచినప్పుడు 140/90 గాని అంతకు మించి గాని యున్నచో అది జబ్బు. ఈ రెండింటి నడుమ నున్నవారు ఉప్పు, పొగాకు, బరువు విషయములలో అప్పుడే జాగ్రత్త పడవలెను. 180/120 దాటినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. దానితో ఛాతీనొప్పి గాని, ఆయాసము గాని, మాట తడబడుట గాని యున్నచో ఒక్క క్షణమైనను ఆలస్యము చేయరాదు.

కొలుచుటకు ఒక పద్ధతి కలదు. పొలము నుండి పరుగున వచ్చి కొలిపించుకొనరాదు. అరగంట ముందు నుండి చుట్ట, బీడి, కాఫీ, టీలు మానవలెను. మూత్రవిసర్జన చేసికొని, వీపు ఆనించి, పాదములు నేలమీద నుంచి, అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. చేయి గుండె ఎత్తున ఆనియుండవలెను. కొలుచునప్పుడు మాటలాడరాదు. రెండుసార్లు కొలిపించి, ఆ అంకెలను తేదీతో సహా ఒక పుస్తకములో వ్రాసి యుంచుకొనుడు. ఎరువుల లెక్క వ్రాసికొను పుస్తకములోనే చివర ఒక పుట చాలును.

30 ఏండ్లు దాటిన ప్రతివారికి బీపీని, చక్కెరను ఉచితముగా పరీక్షించుట జాతీయ ఆరోగ్య కార్యక్రమములో భాగము. ఊరిలోని ఏ.ఎన్.ఎం.ను గాని, ఆశా కార్యకర్తను గాని అడిగినచో ఈ పరీక్ష ఎక్కడ, ఏ దినమున జరుగునో చెప్పుదురు. ఏడాదికి ఒక్కసారియైనను ఇంటిల్లిపాదియు కొలిపించుకొనవలెను. ఆడవారిని మరువరాదు. అందరికి వడ్డించి కడపట తిను తల్లి తన ఒంటి సంగతి కూడ కడపటనే చూచుకొనును. ఆమెకును గుండె యున్నది.

ఉప్పు లెక్క

మనిషికి రోజుకు 5 గ్రాములకు లోపల, అనగా ఒక టీ చెంచా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చెంచాతో కొలుచుకొని తినువారెవరు? కనుక ఇంటి లెక్క చూడుడు. అయిదుగురు గల ఇంటికి నెలకు ముప్పావు కిలో ఉప్పు చాలును. ఈ లెక్కలో కూరలో వేయునది, అన్నములో కలుపుకొనునది, ఏడాదికి సరిపడ పెట్టు ఊరగాయలో పోయునది అన్నియు చేరవలెను. మీ ఇంట నెలకు ఎన్ని కిలోలు వాడుచున్నారో ఇల్లాలిని అడుగుడు. చాల ఇండ్లలో ఈ లెక్క వినినవారు ఆశ్చర్యపడుదురు.

మన ప్రాంతమున ఉప్పు దాగియుండు చోటులు తెలిసినవే. ఆవకాయ, మాగాయ, ఉప్పుచేప, అప్పడములు, వడియములు, అంగడిలో దొరకు కారపు పొట్లములు. వీనిని పూర్తిగా మానుడని చెప్పుట లేదు. ఊరగాయను కూరవలె తినక, నంజుడుగా మాత్రము వాడుడు. ఉప్పుచేపను కొంతసేపు నీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి వండుడు. అంబలిలోను, మజ్జిగలోను ఉప్పు సగము తగ్గించి, కొత్తిమీర, నిమ్మరసము, అల్లము కలుపుడు. రెండు మూడు వారములలో నాలుక అలవాటు పడును. వాడు కొంచెము ఉప్పు అయోడిను కలిసినదిగా నుండవలెను. మండుటెండలో పని చేయువారు నీరు మాత్రము తరచుగా త్రాగవలెను.

విస్తరిలో ఏముండవలెను?

గుండెకు మేలు చేయు తిండిలో చాల భాగము మీ పొలమే ఇయ్యగలదు. ఇందు మన విజయనగరము జిల్లాకు ఒక ప్రత్యేకత కలదు. చోడి పంట మీద విజయనగరము వ్యవసాయ పరిశోధన స్థానము ఏండ్ల తరబడి కృషి చేసి చంపావతి, భారతి, శ్రీచైతన్య వంటి రకములను రైతుల కిచ్చినది. చంపావతి స్వల్పకాలిక రకము. నెల్లిమర్ల ప్రక్కన పారు నది పేరే దానికి పెట్టిరి.

నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము, 11 గ్రాముల పీచు కలవు. బాగుగా పాలిషు పట్టిన బియ్యములో కాల్షియము 10 మిల్లీగ్రాములకు అటునిటు మాత్రమే. పీచు 3 గ్రాములకు మించదు. పీచు కడుపు నింపును, రక్తములో చక్కెర ఒక్కసారి పెరుగకుండ చూచును, కొవ్వును కొంత బయటికి పంపును. కనుక మూడు పూటలు అన్నమే తినువారు ఒక పూటకు చోడి సంకటి గాని, గంటి రొట్టె గాని, కొఱ్ఱ, సామ అన్నము గాని పెట్టుకొనుట మంచిది. అయితే చోడి మందు కాదు. అందును పిండిపదార్థము కలదు. చక్కెర జబ్బు గలవారు పలుచని అంబలిని చెంబుల కొలది త్రాగరాదు. కొలతగా, కూరతో కలిపి తినవలెను.

వరి కోసిన మళ్ళలో వేయు పెసర, మినుముల నుండి కొంత ఇంటికి మిగుల్చుకొనుడు. అపరాలన్నియు అంగడికి పంపి, ఇంటిలో చారుతో సరిపెట్టుకొను రైతు తన ఎద్దుకు ఉలవలు పెట్టి తాను గంజి త్రాగు మనిషి వంటివాడు. పప్పు గాని, ఉలవలు గాని ప్రతి దినము విస్తరిలో నుండవలెను. పెద్దవారికి రోజుకు 400 గ్రాములకు తగ్గకుండ కూరగాయలు, పండ్లు కావలెను. తోటకూర, గోంగూర, మునగాకు, ఆనపకాయ, బీర, వంగ మొదలగునవి పెరటిలోనే పండును. జామ, బొప్పాయి చెట్లు నూతి గట్టున చాలును. విస్తరిలో సగము కూరయు పండును, మిగిలిన సగములో అన్నమును పప్పును ఉండవలెనని గుర్తు పెట్టుకొనుడు.

నూనె అయిదుగురికి నెలకు సుమారు 3 కిలోలు చాలును. వేరుసెనగ, నువ్వుల నూనెలు మంచివి. ఒకే రకము వాడక మార్చి మార్చి వాడుడు. బజ్జీలు వేసి నల్లబడిన నూనెను మరల మరల కాచుట హానికరము. సముద్రము దగ్గర నున్నవారు ఉప్పులేని పచ్చిచేపను పులుసు పెట్టుకొని తినుట మంచిది.

చుట్ట, సారా, చింత

మన ఉత్తర కోస్తా పల్లెలలో ఆడువారు చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు తరతరములుగా కలదు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు వలన అంగిలికి కలుగు కీడును 1971లో ప్రకటించిరి. అంగిలి పుండు కంటికి కనబడును. అదే పొగ రక్తనాళములకు చేయు చెరుపు కనబడదు. చుట్ట, బీడి, సిగరెట్టు, ఖైనీ, గుట్కా అన్నియు గుండెకు శత్రువులే. మానిన యేడాదిలోనే గుండెపోటు ప్రమాదము చాలవరకు తగ్గును. ముప్పది యేండ్లు త్రాగితిమి, ఇక మానిన లాభమేమి అనుకొనరాదు. మానిన దినము నుండియే లాభము మొదలగును.

సారా, బ్రాంది మొదలగునవి పోటును పెంచును, గుండె కండరమును బలహీనపరచును. "అలసట తీరును" అని పుచ్చుకొన్న గుక్క మరునాటి బలమును అప్పు తెచ్చుకొనుటయే.

ఇక మనోవ్యాధి సంగతి. వాన రాకపోవుట, తుపాను వచ్చుట, ధర పడిపోవుట, అప్పు వడ్డీ పెరుగుట ఇవి రైతును రాత్రులు నిద్రపోనీయవు. ఇట్టి చింత నెలల తరబడి నిలిచినచో రక్తపు పోటు పెరుగును, నిద్ర చెడును, చుట్టయు సారాయు ఎక్కువగును. చింతపడకుడని చెప్పుట సులభము. అప్పు మాత్రము ఆ మాటతో తీరదు. కాని చేయదగిన పనులు కొన్ని కలవు. బాకీ ఎంత, ఎవరికి, వడ్డీ ఎంత అని కాగితము మీద వ్రాసి ఇంటిలో పెద్దలతోను, భార్యతోను చెప్పుడు. ఒక్కరు మోయు బరువు ఇద్దరు మోసినచో తేలిక యగును. పంట నష్టము, బీమా, బ్యాంకు అప్పు గడువు సంగతులు రైతు సేవా కేంద్రములో వెంటనే విచారింపుడు. సాయంకాలము రామమందిరము వద్ద గాని, రచ్చబండ వద్ద గాని నలుగురితో కూర్చుండుడు. రాత్రి 7 గంటలకు తగ్గకుండ నిద్రపోవుడు. బ్రతుకు మీద విసుగు కలుగుచున్నచో దాచక ఇంటివారికి, వైద్యునికి చెప్పుడు. 14416 అను టెలిమానస్ ఫోనులో రేయింబవళ్లు ఉచితముగా మాటలాడువారు కలరు.

వ్యవసాయపు పని లేని నెలలలో కూడ శరీరమును కదలించవలెను. వారమునకు అయిదు దినములు, దినమునకు అరగంట, మాటలాడుటకు వీలగునంత వేగముతో నడచిన చాలును. కచేరీలో కూర్చుండి పని చేయు గ్రామోద్యోగులకు ఇది మరింత అవసరము.

మాత్ర మానరాదు

పల్లెలలో జరుగు పెద్ద పొరపాటు ఇది. వైద్యుడు బీపీ మాత్రలిచ్చును. నెల దినములకు అంకె 130కి దిగును. "తగ్గిపోయినది గదా" అని మనిషి మాత్ర మానివేయును. ఆరు నెలలకు పక్షవాతముతో మంచము పట్టును. బీపీ మాత్ర చెరువు గట్టు వంటిది. గట్టు ఉన్నందుననే నీరు నిలిచినది. నీరు నిలిచినది గదా అని గట్టు త్రవ్వుదుమా? మాత్ర తగ్గించుట, మార్చుట వైద్యుడు చెప్పవలెను. ఊరికి పోవునప్పుడు మాత్రలు వెంట నుంచుకొనుడు. నెల సరుకు అయిపోకముందే తెచ్చుకొనుడు.

మరియొక మాట. నడుము నొప్పికి, మోకాలి నొప్పికి అంగడిలో అడిగి కొను నొప్పి మాత్రలను తరచుగా వాడినచో పోటు పెరుగును, మూత్రపిండములు చెడును. ఉద్దానము ప్రాంతమున కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబములను కుంగదీసినదో మీకు తెలియును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఉప్పుకు బదులు వాడు ఉప్పులను, కొబ్బరినీళ్లను, పండ్లను కూడ వైద్యుని అడిగియే తీసికొనవలెను.

నొప్పి వచ్చిన గడియలో

ఛాతీ నడుమ బండ పెట్టినట్టు బరువు, ఆ నొప్పి ఎడమచేతికి, దవడకు, వీపుకు ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము, వాంతి ఇవి గుండెపోటు గుర్తులు. ఆడవారిలోను, చక్కెర జబ్బు గలవారిలోను నొప్పి లేక నీరసము, ఆయాసము మాత్రమే ఉండవచ్చును. అప్పుడు చేయవలసినది:

మనిషిని నడువనీయక కూర్చుండబెట్టుడు. వెంటనే 108కి ఫోను చేయుడు. మోటారు సైకిలు మీద నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. సోడాలు, కషాయములు, మర్దనలతో గంటలు గడుపరాదు. 108 వారు గాని, వైద్యుడు గాని చెప్పినచో ఆస్పిరిను మాత్ర నమిలించుడు. రక్తపు గడ్డను కరిగించు ఇంజెక్షను ఎంత త్వరగా పడిన అంత కండరము దక్కును. తెల్లవారిన తరువాత చూతమనుట ప్రాణముతో చెలగాటము. మనిషి పడిపోయి, పిలిచినను పలుకక, ఊపిరి తీయకున్నచో, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు, రెండంగుళముల లోతు నొక్కుచు 108 వచ్చువరకు ఆపరాదు.

మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట ముద్దయైనను అది పక్షవాతము. దానికిని ఇదే త్వర అవసరము. మొదటి నాలుగున్నర గంటలలోపల ఇయ్యదగిన మందు కలదు.

గ్రామోద్యోగులకు మనవి

నెలకు ఒక దినము రైతు సేవా కేంద్రము వద్ద విత్తనములకు, ఎరువులకు రైతులు గుమిగూడు సమయముననే ఏ.ఎన్.ఎం.ను పిలిపించి బీపీ చూపించుటకు ఏర్పాటు చేయుడు. కొలత ఎక్కువగా వచ్చినవారి పేర్లు బయట పెట్టక, వారు ఆసుపత్రికి పోయిరా లేదా యని మరుసటి నెల మెల్లగా విచారింపుడు. జాతరలలో, తీర్థములలో కొండ ఎక్కు దారి మొదట 108 అంకెను పెద్ద అక్షరములతో వ్రాయించుడు.

సోదరులారా! పైరు పాలుపోసుకొను వేళ మంచె కట్టి రాత్రింబవళ్లు కావలి కాయుదురు. ఆ పంట ఆరు నెలలది. ఈ గుండె బ్రతికినన్నాళ్లు పని చేయవలసినది. ఈ వారములో ఒక పూట వీలు చేసికొని, భార్యాభర్తలిద్దరును పోయి బీపీ కొలిపించుకొని, ఆ అంకెలను పుస్తకములో వ్రాసికొనుడు. వచ్చు శ్రీరామనవమికి బోధికొండ మెట్లు ఇద్దరును కలిసి, హాయిగా మాటలాడుకొనుచు ఎక్కుడు.